ఎలుకలంటే టెన్షన్, అయినా సైటోకైన్ల మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఇంటర్‌ఫెరాన్ (కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపడానికి వాడే సైటోకైన్లు అనే ప్రోటీన్లలో ఒక రకం) పనిచేయని ఎలుకలు లిస్టీరియా బ్యాక్టీరియాతో చనిపోయాయని ఒక పేపర్లో చదివాను. ఇంటర్‌ఫెరాన్ సిగ్నల్ అందని ఎలుకలే బాగా తట్టుకున్నాయని ఇంకో పేపర్లో ఉంది. ఇదే అర్థం కానప్పుడు ఈ రంగం నాకు సరిపోతుందా? పైగా ఎలుకలతో పని అంటే భయం.

జవాబు: రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి ఇవి పొసగడం లేదే అని ఆగారు చూడండి, ఈ రంగానికి కావాల్సింది అదే. ఆ రెండూ నిజమే, కాకపోతే మొదటిది ఇంటర్‌ఫెరాన్ గామా గురించి, రెండోది టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ల గురించి. గామా, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలను ఉసిగొల్పుతుంది, అప్పుడే అవి నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి తయారుచేసి లోపల దాక్కున్న బ్యాక్టీరియాను చంపగలుగుతాయి. అందుకే గామా సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ తీసేసిన ఎలుకలు లిస్టీరియాకు తట్టుకోలేవని 1993లోనే తేలింది. టైప్ 1 ఇంటర్‌ఫెరాన్లు వైరస్‌ల మీద గొప్పగా పనిచేస్తాయి గానీ లిస్టీరియా సోకినప్పుడు లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు ఎక్కువగా చావడానికి కారణమవుతాయి, మాక్రోఫేజ్‌ల మీదున్న గామా రిసెప్టర్లను కూడా తగ్గించేస్తాయి. వాటి సిగ్నల్ అందని ఎలుకలు మెరుగ్గా నిలబడ్డాయని 2004లో వేర్వేరు ల్యాబ్‌లు చూపించాయి.

టీఎన్ఎఫ్ అనే ఇంకో సైటోకైన్ కథ కూడా ఇలాంటిదే. దాని ముఖ్యమైన రిసెప్టర్ లేని ఎలుకలు ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషంతో వచ్చే షాక్ నుంచి బతికిపోతాయి, అవే ఎలుకలు లిస్టీరియా వస్తే చనిపోతాయి. మనుషుల్లోనూ కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడితే కొందరిలో దాగి ఉన్న టీబీ బయటపడింది, అందుకే ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందే టీబీ పరీక్ష చేస్తారు. ఏ అణువు, ఏ సూక్ష్మజీవి, ఇన్ఫెక్షన్ మొదలైన ఎన్నో రోజు అన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది, ఒకే సూటి సమాధానం కావాలనుకునేవాళ్లకు ఇది చిరాకు తెప్పిస్తుంది, మీకు ఆసక్తి పెరుగుతుంటే ధైర్యంగా రండి.

ఇక ఎలుకల సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇన్ఫెక్షన్ ప్రయోగాల్లో జబ్బుపడ్డ ఎలుకలను రోజూ, సెలవుల్లో కూడా, చూసుకోవాలి, బరువు తూచాలి, బాధ హద్దు దాటితే ప్రయోగం ఆపి వాటిని నొప్పి లేకుండా చంపాలి, తర్వాత ప్లీహం, కాలేయం తీసి ప్లేట్ల మీద పెరిగిన బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టాలి. కొందరికి శిక్షణతో చెయ్యి కుదురుతుంది, కొందరికి మనసు ఒప్పుకోదు, ఒప్పుకోకపోతే అది చేతకానితనం కాదు. అడ్మిషన్ తీసుకున్నాక తెలుసుకోవడం మాత్రం చాలా నష్టం. అందుకే ముందు ఇన్ఫెక్షన్ పని జరిగే ల్యాబ్‌లో కొన్ని నెలలు ఇంటర్న్‌గా చేయండి, గైడ్ పేరు చూసి మురిసిపోకుండా అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులను విడిగా కలిసి, నాకౌట్ ఎలుకల (ఒక జన్యువు తీసేసిన ఎలుకల) బ్రీడింగ్‌కే ఎంత కాలం పోయిందో అడగండి.

మీ వల్ల కాదనిపిస్తే రోగుల రక్త నమూనాలతో, కల్చర్‌లో పెంచిన మాక్రోఫేజ్‌లతో, ఒక్కో కణాన్ని విడిగా చూసే సింగిల్ సెల్ డేటాతో కూడా ఇవే ప్రశ్నలు వెతికే ల్యాబ్‌లు ఉన్నాయి. ఎటు వెళ్లినా ఫ్లో సైటోమెట్రీ (కణాలను రకాలవారీగా లెక్కపెట్టే పద్ధతి), ఎలీసా (ప్రోటీన్లను కొలిచే పరీక్ష), స్టాటిస్టిక్స్ తప్పవు, స్టాటిస్టిక్స్‌కు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి ల్యాబ్ అక్కర్లేదు.