నల్లగొండలో మెకానిక్స్ సమ్మర్ స్కూలా? పెట్టండి, మే నెలలో మాత్రం వద్దు

అడిగిన ప్రశ్న ఇది: "మాది నల్లగొండలో ఇంజనీరింగ్ కాలేజీ. వచ్చే మేలో సాలిడ్ మెకానిక్స్ (ఘనపదార్థాలు బలానికి ఎలా వంగుతాయో, విరుగుతాయో చెప్పే శాస్త్రం) మీద వారం రోజుల సమ్మర్ స్కూల్ పెట్టాలనుకుంటున్నాం. ఇలాంటి ఊళ్లో అది నడుస్తుందా? ఎంతమంది వక్తల్ని పిలవాలి?"

నడుస్తుంది. నేను ఈ జిల్లాలోనే ఒకసారి నడిపాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. అయితే ముందు ఆ మే నెల సంగతి తేల్చుకోండి. సమ్మర్ స్కూల్ అన్న పేరే చలి దేశాల వాళ్లది. ఫ్రాన్స్‌లో 1951లో మొదలైన లెజూష్ ఫిజిక్స్ స్కూల్ ఆల్ప్స్ కొండల్లో ఉంది. అక్కడ వేసవి అంటే హాయిగా కిటికీలు తెరుచుకునే కాలం. మన దగ్గర మేలో పదకొండు దాటితే కుక్క కూడా నీడ వదిలి రాదు. హాస్టళ్లు ఖాళీగా ఉంటాయని అప్పుడు పెడతారు గానీ, అవి ఎందుకు ఖాళీగా ఉంటాయో ఎవరూ ఆలోచించరు. డిసెంబర్‌లో పెట్టి సమ్మర్ స్కూల్ అనే పిలవండి, ఎవరూ కేసు పెట్టరు.

మేమూ మేలోనే పెట్టాం. పదకొండు మంది వక్తలు. ప్రారంభం పది గంటలకని కార్డులో వేశాం. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండున్నర. దీపం వెలిగిస్తుంటే ఆరిపోతోందని ఫ్యాన్లు ఆపించారు. వేదిక మీద తొమ్మిది మందికి శాలువాలు కప్పాం. మే నెలలో, ఫ్యాన్లు ఆపేసి, శాలువాలు! డెబ్బై దాటిన మా మొదటి వక్త ఆ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయనకు గంటన్నర ఇస్తామని చెప్పి పిలిచాం. భోజనం ముందు మిగిలింది అరగంట. మిగతాది మధ్యాహ్నానికి జరిపాం.

మధ్యాహ్నం ఆయన మొదలుపెట్టిన పది నిమిషాలకే కరెంటు పోయింది. జనరేటర్ ఆఫీసు గదుల వరకే. ప్రొజెక్టర్ ఆగింది, నాకు టెన్షన్ మొదలైంది. ఆయన మాత్రం నింపాదిగా, "సుద్దముక్కలు ఉన్నాయా?" అన్నారు. డబ్బాలు తెప్పించి మనిషికి రెండేసి పంచమన్నారు. "ఒకటి వంచి విరవండి. రెండోది తాడు పేనినట్టు మెలితిప్పి విరవండి. విరిగిన చోటు చూడండి."

వంచితే విరిగింది దాదాపు అడ్డంగా, చదునుగా ఉంది. మెలితిప్పింది మాత్రం ఏటవాలుగా, మరమేకు చుట్టులా తిరిగి విరిగింది. అందరిదీ అంతే, 45 డిగ్రీల దగ్గర. సుద్దకు లాగుడు తట్టుకునే బలం తక్కువ. మెలిపెట్టినప్పుడు ఎక్కువ లాగుడు పడేది సుద్ద పొడవుకు 45 డిగ్రీల దిశలో, అందుకే దానికి అడ్డంగా చీలుతుంది. మెత్తని ఉక్కు కడ్డీ అయితే కోతకు, అంటే పొరలను ఒకదాని మీద ఒకటి జరిపే బలానికి (షియర్), లొంగుతుంది కాబట్టి అడ్డంగా, చదునుగా తెగుతుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. నేనే పదేళ్లు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. చేత్తో విరిచింది ఆ రోజే.

అప్పుడు దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల లేచి, "సార్, ఎండిన కందికట్టెను మెలిపెడితే ఇట్ల విరగదు గదా, నిలువునా చీలుతది. ఎందుకు?" అని అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. మెలిపెట్టినప్పుడు కోత బలం అడ్డంగా ఎంత ఉంటుందో నిలువునా అంతే ఉంటుంది. కట్టెలో నారలు నిలువుగా ఉంటాయి, వాటి మధ్య పట్టు తక్కువ. అందుకని అక్కడే విడిపోతుంది. ఈ ఒక్క ప్రశ్న మీద గంట గడిచింది. కరెంటు ఎప్పుడో వచ్చింది, ఎవరూ ప్రొజెక్టర్ వేయమనలేదు.

కాబట్టి పదకొండు మంది వద్దు. నలుగురు చాలు, ఒక్కొక్కరికి అయిదు గంటలు ఇవ్వండి. సాయంత్రం అయిదు కాగానే కారును నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ తిప్పేవారిని, ఎంత పేరున్నవారైనా సరే, పిలవకండి. రాత్రి భోజనాల దగ్గర దొరికే మనిషి కావాలి. ఒక రోజు అందరినీ సాగర్ తీసుకెళ్లండి. సుమారు 124 మీటర్ల ఎత్తున్న రాతికట్టు కేవలం తన బరువుతో కృష్ణను ఆపి నిలబడింది. డ్యాం కింద నిలబడి పైకి చూశాక గ్రావిటీ డ్యాం లెక్క ఎవరికీ విసుగు పుట్టదు.

సింపోజియం వేరు, స్కూల్ వేరు, రెండూ కలపకండి. అంతర్జాతీయ మెకానిక్స్ సమాఖ్య ఐయూటామ్ 1946లో ఏర్పడింది. వాళ్ల సింపోజియంలు ఒకే అంశం మీద, పిలిచిన కొద్దిమందితో, ఒకే హాల్లో జరుగుతాయి. అంతకు ముందు 1922లో శాస్త్రవేత్తలు కార్మన్, లెవి-చివిటా ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జరిపింది కూడా చిన్న సమావేశమే. అదే 1924లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో జరిగిన మెకానిక్స్ మహాసభకు దారి తీసింది. మన దగ్గర సింపోజియం అంటే మూడు హాళ్లు, మనిషికి ఏడు నిమిషాలు. వినేవాళ్లంతా తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్లే. సంచీ, సర్టిఫికెట్ చేతికి రాగానే బస్టాండు.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ, ఒకటి రాసిపెట్టుకోండి. శాలువాల బిల్లు, ఫ్లెక్సీల బిల్లు మారుమాట లేకుండా పాసయ్యాయి. సుద్దముక్కల బిల్లు మాత్రం వెనక్కి వచ్చింది. "ప్రొజెక్టర్ ఉండగా ఇన్ని డబ్బాలు దేనికి?" అని పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆ డబ్బు నేనే కట్టుకున్నా.