చిన్న హోటల్‌కు బాత్రూమ్

ప్రశ్న: తణుకులో టిఫిన్ హోటల్ పెడుతున్నాం. బాత్రూమ్‌కు మిగిలింది నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. చేతులు కడుక్కునే సింకు కూడా అందులోనే పట్టాలి. ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: పట్టించకండమ్మా. మన దగ్గర చేత్తో తింటారు. ఇడ్లీ తిన్న ప్రతి ఒక్కరికీ సింకు కావాలి, బాత్రూమ్ కొందరికే. పెద్ద సింకు హాలు చివర పెట్టండి, దాని పక్కనే పిల్లలకు అందే ఎత్తులో ఇంకొకటి. లోపల మూలన చిన్న బేసిన్ చాలు.

కమోడ్‌ను తలుపుకు ఎదురుగా, నాలుగడుగుల గోడకు పెట్టించండి. దాని మధ్య నుంచి పక్క గోడకు కనీసం 15 అంగుళాలు ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే అలా ఉంటేనే తెరవడం తేలిక. తలుపు వంటగదివైపు మాత్రం వద్దు.

నేల విషయంలో మేస్త్రీ మాట నమ్మి ఊరుకోవద్దు. టైల్స్ అతికించకముందే, సిమెంటు వాలు గట్టిపడ్డాక బకెట్ నీళ్లు పోయించి, జాలీలోకి పూర్తిగా పోయాయో లేదో మీరే చూడండి. టైల్స్ గరుకువే తీసుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాను లైటు స్విచ్చితోనే తిరగాలి. గాలి లోపలికి రావడానికి తలుపు కింద అంగుళం సందు వదలండి.

ఆడవాళ్ల కోసం బ్యాగు తగిలించే కొక్కెం, మూత ఉన్న చెత్తబుట్ట తప్పకుండా పెట్టండి.