పురాణ గురుకులాల్లో ఏ బడి మేలు?

ప్రశ్న: మా అమ్మాయిని ఒకటో తరగతిలో చేర్చడానికి బడులు చూస్తూ, పురాణాల్లోని గురుకులాలకూ మార్కులు వేస్తున్నాం. మీరైతే దేనిలో చేర్పిస్తారు?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నిస్సందేహంగా సాందీపని ఆశ్రమంలోనేనండి. బలరామకృష్ణులు అక్కడ 64 రోజుల్లో 64 కళలు నేర్చారని భాగవతం చెబుతుంది గానీ, అంత వేగం మన పిల్లలకు అక్కరలేదు. కృష్ణుడూ పేద కుచేలుడూ ఒకే చోట చదవడం, కట్టెలకు వెళ్లి గాలివానలో చిక్కుకున్న శిష్యులను వెతుక్కుంటూ తెల్లవారగానే గురువే అడవికి రావడం నాకు ఎంతో నచ్చిన విషయాలు. తుపానులు తెలిసిన విశాఖ తల్లిదండ్రులు మొదట చూడవలసింది ఈ శ్రద్ధనే. గురుదక్షిణ మాత్రం భారమే: సముద్రంలో పోయిన కుమారుణ్ణి తెచ్చిమ్మన్నారు! చండామార్కుల బడి వద్దు; ప్రహ్లాదుడు తనకు తోచింది చెబితే అక్కడ బెదిరించారు.