ఛాంబర్‌లోకి దిగని తూటా గురించి మేనల్లుడికి రాసిన లేఖ

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మార్లిన్ 336 రైఫిల్ కోసం సీసం కరిగించి గుండ్లు పోతపోసుకుని, .30-30 తూటాలు సొంతంగా నింపుకొంటున్నావనీ, వాటిలో కొన్ని ఛాంబర్‌లోకి (గొట్టం వెనుక తూటా కూర్చునే గదిలోకి) పూర్తిగా దిగక, తూటాను లోపలికి తోసే లీవర్ చివర్లో మొరాయిస్తోందనీ, ఫ్యాక్టరీ తూటాలు మాత్రం ఇబ్బంది లేకుండా దిగుతున్నాయనీ రాశావు. గుండును ఇంకాస్త లోతుకు దించితే సరిపోతుందా అని అడిగావు. అది ఒక్క జబ్బుకు మాత్రమే మందు. తూటా దిగకపోవడానికి కనీసం అయిదారు కారణాలుంటాయి, వాటిలో గుండు పొడవు ఒకటి. ఏది అడ్డుపడుతోందో తెలియకుండా లోతు మారిస్తే అసలు దోషం అలాగే ఉండిపోతుంది, పైగా కేసు (తుపాకీ మందు పోసే ఇత్తడి గుల్ల) లోపల జాగా తగ్గి పీడనం పెరుగుతుంది.

ముందుగా ఒక మాట గట్టిగా చెబుతాను. దిగనంటున్న తూటాను లీవర్ నొక్కి బలవంతంగా దించవద్దు. సీసపు గుండు మెత్తనిది కాబట్టి రైఫ్లింగ్ గట్లలో (గుండును తిప్పడానికి గొట్టం లోపల ఉండే మెలికల గట్లలో) ఇరుక్కుపోతుంది, వెనక్కి లాగితే కేసు ఒక్కటే ఊడివచ్చి మందంతా మెకానిజంలో ఒలుకుతుంది. అలా ఇరుక్కున్న సజీవ తూటాను గొట్టంలోంచి రాడ్‌తో పొడవడం ప్రాణాంతకం, అలాంటిది జరిగితే తుపాకీని గన్‌స్మిత్‌కు అప్పగించు. ఇప్పుడు నీ దగ్గరున్న అనుమానపు తూటాలన్నింటినీ విడిగా పెట్టి, తీరిక చూసుకుని పుల్లర్‌తో గుండ్లు ఊడదీయి. ఇకపై చెప్పే పరీక్షలన్నీ ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే బిళ్ల) లేని, మందు లేని ఉత్తుత్తి తూటాలతోనే చేయాలి.

మొదట ఛాంబర్‌ను శుభ్రంగా తుడువు. పోత గుండ్లు వాడే తుపాకీలో కేసు మూతి ఆగే చోట సీసపు పొరా, మైనపు లూబ్రికెంటూ పేరుకుంటాయి, ఒక్కోసారి జబ్బంతా అక్కడే ఉంటుంది. తర్వాత తూటా తయారయ్యే ప్రతి మెట్టు దగ్గరా కేసును ఛాంబర్‌లో పెట్టి లీవర్ మూసి చూడు. సైజింగ్ డైలోంచి (పేలిన కేసును నొక్కి మళ్లీ కొలతకు తెచ్చే అచ్చులోంచి) వచ్చిన ఖాళీ కేసు, మూతి వెడల్పు చేసిన కేసు, గుండు కూర్చోబెట్టిన కేసు, చివరగా క్రింప్ చేసిన (మూతిని గుండు మీదికి నొక్కి బిగించిన) కేసు, ఈ వరుసలో పరీక్షించు. మొట్టమొదట ఏ మెట్టులో లీవర్ బరువెక్కిందో దోషం ఆ మెట్టులోనే ఉంటుంది. చాలామంది పూర్తయిన తూటాను చేతిలో పట్టుకుని ఊహాగానాలు చేస్తారు, నాకు అది ఎప్పుడూ విసుగే.

ఖాళీ కేసే దిగకపోతే గుండు సంగతి వదిలెయ్యి. సైజింగ్ డై షెల్‌హోల్డర్‌కు (కేసు అడుగును పట్టుకునే దిమ్మకు) తగిలేంత కిందికి దిగిందో లేదో చూడు. .30-30 కేసు అడుగు అంచు మీద ఆగుతుంది కాబట్టి భుజం (కేసు మెడ దగ్గర సన్నబడే ఏటవాలు) సంగతి పట్టించుకోనక్కర్లేదని కొందరు అనుకుంటారు, కానీ భుజం ముందుకు జరిగితే ఈ కేసు కూడా దిగదు. వేరే తుపాకీలో పేలిన కేసులు కొనుక్కుని ఉంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. పొడవు కూడా కొలువు. ఈ కేసు గరిష్ఠ పొడవు 2.039 అంగుళాలు, కత్తిరించాల్సింది 2.029కి.

రెండో మెట్టు మూతి. పోత గుండు అంచులు చెక్కుకుపోకుండా ఉండాలంటే కేసు మూతిని గంటలా కొద్దిగా విప్పక తప్పదు. ఆ విప్పు గుండు మడమ (వెనుక కొస) లోపలికి దిగడానికి సరిపోయేంతే ఉండాలి, తూటా పూర్తయ్యే సరికి మళ్లీ మూసుకుపోవాలి. విప్పు చాలకపోతే సీసం చెక్కుకుపోయి మూతి చుట్టూ సన్నని ఉంగరంలా వేలాడుతుంది, ఎక్కువైతే మూతే ఛాంబర్ గోడకు తగులుతుంది. భూతద్దం పెట్టి చూస్తే రెండూ తెలుస్తాయి.

నీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం మెడ మందం మీదే. గుండ్లను 0.311 అంగుళానికి సైజ్ చేస్తున్నానని రాశావు. మార్లిన్ మైక్రో-గ్రూవ్ రకం గొట్టంలో గట్ల మధ్య గాడులకు లోతు తక్కువ కాబట్టి లావు గుండు వాడమని అందరూ చెబుతారు, ఆ మాటలో నిజముంది. కానీ లెక్క వేసి చూడు. గుండు 0.311, ఇత్తడి గోడ రెండు వైపులా కలిపి 0.023 అనుకుంటే మెడ 0.334 అవుతుంది. ఫ్యాక్టరీ ప్రమాణం ప్రకారం నిండు తూటా మెడ సుమారు 0.330. నీ కేసులు రకరకాల కంపెనీలవైతే గోడ మందం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, అన్నీ కాకుండా కొన్నే మొరాయించడానికి అదే కారణం కావచ్చు. దీనికి సులువైన పరీక్ష ఉంది. ఈ తుపాకీలోనే పేలిన, ఇంకా సైజ్ చేయని కేసును, మూతి లోపలికి ముడుచుకోకుండా ఉన్నదాన్ని తీసుకుని, సైజ్ చేసిన గుండును వేలితో అందులోకి వదులు. సులువుగా జారిపోతే మెడకు జాగా ఉన్నట్టు. పట్టుకుంటే ఆ లావు గుండు ఆ ఛాంబర్‌కు పనికిరాదు. ఎందుకంటే పేలినప్పుడు గుండును వదలడానికి మెడ వ్యాకోచించే చోటు ఉండాలి, లేకపోతే పీడనం ప్రమాదకరంగా ఎగబాకుతుంది. అలాంటప్పుడు 0.310 లేదా 0.309 సైజర్‌కు మారు, లేదా పలుచని మెడ ఉన్న కేసులు ఏరుకో.

మెడ సరిగ్గానే ఉంటే గుండు ముక్కు వైపు చూడాలి. నువ్వు వాడే లైమన్ 311041 అచ్చు గుండుకు క్రింప్ గాడి ముందున్న భాగం గొట్టంలోని గట్ల దాకా పోతుంది, మార్లిన్‌లో ఆ జాగా పొట్టి. ఉత్తుత్తి తూటాను మార్కర్‌తో నల్లగా పూసి మెల్లగా ఛాంబర్‌లో పెట్టి తీయి. ముక్కు చుట్టూ సమాన దూరంలో నిలువు గీతలు పడితే గట్లు తగులుతున్నట్టు. భుజం మొదట్లో మెరుపు కనిపిస్తే క్రింప్ దెబ్బ. మూతి చుట్టూ గీసుకుపోతే విప్పు మూసుకోలేదు. అడుగున, అంచుకు కాస్త పైన మెరిస్తే సైజింగ్ చాలలేదు. ఈ గుర్తులు చూశాక ఊహలతో పనుండదు.

గట్లు తగులుతుంటే, గాడిలోనే క్రింప్ చేస్తూ మొత్తం పొడవు 2.550 అంగుళాలకు మించకుండా చూసుకో. అయినా తగులుతుంటే గుండును కాస్త లోతుకు దించవచ్చు, కానీ అప్పుడు మందు పాళ్లను లోడింగ్ పుస్తకంలోని ప్రారంభ కొలతకు తగ్గించి మళ్లీ మొదటినుంచి పెంచుకుంటూ రావాలి. మిశ్రమం కూడా గమనించు. లైమన్ నంబర్ 2 మిశ్రమం అంటే 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 యాంటిమనీ. లైనోటైప్ (పాత ముద్రణ అక్షరాల లోహం) లాంటి గట్టి మిశ్రమం పోస్తే అదే అచ్చులో గుండు కాస్త లావుగా వస్తుంది, ముక్కు కూడా పెరుగుతుంది. పౌడర్ కోటింగ్ వేస్తే ఇంకాస్త. సైజర్ పక్కలనే సరిచేస్తుంది, ముక్కును ముట్టుకోదు.

క్రింప్ సంగతికి వస్తే, పొడవులు సమానంగా లేని కేసులకు ఒకే డై సెట్టింగ్‌తో క్రింప్ వేస్తే పొడవైనదానికి ఎక్కువ పడుతుంది, ఆ అదనపు బలం భుజాన్ని కిందికి నొక్కి పక్కలకు ఉబ్బిస్తుంది. కంటికి కనిపించదు, కాలిపర్‌కు దొరుకుతుంది. అన్ని కేసులనూ ఒకే పొడవుకు కత్తిరించి, గుండు దించడం ఒక పనిగా, క్రింప్ వేరే పనిగా చెయ్యి. సీటింగ్ డై (గుండును దించే అచ్చు) లోపల మైనం పేరుకుంటే గుండ్ల లోతు తూటా తూటాకూ మారుతుంది, విప్పి తుడువు.

కొనుక్కున్న కేస్ గేజ్‌లో (తూటా కొలత సరిచూసే పరికరంలో) దిగింది కదా అని ధైర్యపడకు, గేజ్‌కు నీ గొట్టంలోని గట్లు తెలియవు. సజీవ తూటాను మాత్రం ఇంట్లో ఎక్కించి చూడవద్దు, రేంజ్‌లో గొట్టం మూతి మట్టికట్ట వైపు ఉన్నప్పుడే. ట్యూబ్ మ్యాగజైన్‌లో ఒక తూటా ముక్కు ముందుదాని ప్రైమర్‌ను ఆనుకుని ఉంటుంది కాబట్టి బల్లపరుపు ముక్కున్న గుండు తప్ప మొనదేలింది వాడవద్దు. సీసం పని అయ్యాక చేతులు కడగందే పిల్లల్ని ఎత్తుకోకు.

గుంటూరులో నీ బావమరిది ఇదంతా విని ఉత్సాహపడుతున్నాడని అక్క చెప్పింది. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు కానీ, భారత ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరమని వాడికి స్పష్టంగా చెప్పు.

పేలిన కేసు మెడ బయటి కొలత, నిండు తూటా మెడ కొలత, మార్కర్ గుర్తుల ఫొటో, ఈ మూడూ పంపు. చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య