నాకేం ఇష్టమో నాకే తెలియడం లేదు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. చిన్నప్పటి నుంచి చెప్పిన మాట వినే పిల్లనని పేరు. చదువు నాన్న ఎంచారు, ఉద్యోగం అక్క చూపించింది. రెండూ బాగానే సాగాయి. ఈ మధ్యే విడిగా ఇల్లు తీసుకున్నాను. గదికి ఏ రంగు వేయమంటారని పెయింటర్ అడిగితే షేడ్ కార్డు పట్టుకుని అరగంట నిలబడిపోయాను. అమ్మకు, అక్కకు, ఫ్రెండ్‌కు ఫోన్ చేసి, చివరికి ఫ్రెండ్ చెప్పిందే వేయించాను. ఆ రాత్రి ఏడుపు ఆగలేదు. ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా, స్నేహితుల దగ్గర ఇంకోలా ఉంటాను. వీటిలో అసలు నేనెవరు? మొన్న మొదటిసారి అమ్మ మాటకు వద్దన్నాను. ‘నువ్వు మారిపోయావు’ అంది. ఉద్యోగం మానేసి, ఎటైనా వెళ్లి నన్ను నేను వెతుక్కోవాలనిపిస్తోంది. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపం ఏమీ లేదండీ. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ చివరి ప్రశ్నే, అందుకే ముందు దానికి జవాబు చెబుతున్నాను. చాలామందికి పదిహేడు, పద్దెనిమిదేళ్లకు మొదలయ్యే ఆలోచన మీకు 28కి మొదలైంది. అంతకన్నా లేటుగా మొదలయ్యేవాళ్లు కూడా బోలెడంత మంది ఉన్నారు.

షేడ్ కార్డు పట్టుకుని నిలబడిన ఆ అరగంట గురించి కాస్త ఆలోచిద్దాం. ఒక్కో రంగు మీద వేలు పెట్టినప్పుడు మీ మనసులో ఏం మెదిలిందో గుర్తు తెచ్చుకోండి. ‘ఇది చూస్తే అమ్మ ముదురుగా ఉందంటుందేమో’, ‘అక్క ఇదేం టేస్టు అంటుందేమో’ లాంటి మాటలే వచ్చి ఉంటాయని నా అనుమానం. నచ్చడం, నచ్చకపోవడం మీకు లేక కాదు, వాటికి నోరు విప్పే వ్యవధి దొరకలేదు. ఎదుటివాళ్ల కళ్లకు ఎలా కనిపిస్తామో ఊహించుకుని, దాన్నిబట్టే మన గురించి మనం ఒక అభిప్రాయానికి వస్తామని చార్లెస్ కూలీ అనే సామాజికవేత్త 1902లోనే రాశాడు. అందరం చేసేదే అది. మీ విషయంలో ఆ ఊహ మరీ ముందుగా, మరీ గట్టిగా వినిపిస్తోంది.

‘నేను’ అనేది పుట్టుకతో పూర్తిగా తయారై రాదు. పసివాడికి తెలియకుండా ముక్కు మీద ఎర్రటి చుక్క పెట్టి అద్దం ముందు కూర్చోబెడితే, ఏడాది వయసులో అద్దంలో ఉన్నది ఇంకో పాపాయి అనుకుని నవ్వుతాడు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్యకు వచ్చేసరికి చాలామంది పిల్లలు తమ ముక్కునే తడుముకుంటారు. దాదాపు అదే సమయంలో ‘నాది’, ‘వద్దు’ అనే మాటలు మొదలవుతాయి. పెద్దవాళ్లకు అది మొండితనం, కానీ పిల్ల తనకంటూ ఒక గీత గీసుకోవడం నేర్చుకుంటున్నది అప్పుడే. ‘వద్దు’ అన్న ప్రతిసారీ అమ్మ ముఖం ముడుచుకుని, ‘సరే’ అన్న ప్రతిసారీ ముద్దు దొరికితే, తెలివైన పిల్ల ఏం నేర్చుకుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో కూడా ఇలాంటిదే జరిగి ఉండొచ్చు. దానికి మీ అమ్మానాన్నల మీద కోపం పెంచుకోమని మాత్రం అనను. మాట వినే పిల్లకు జీవితం సాఫీగా సాగుతుందని వాళ్లు నిజంగానే నమ్మి ఉంటారు.

ఎవరు నేను, ఏం చేయాలి, దేన్ని నమ్మాలి అనే వెతుకులాట టీనేజ్‌లో ముమ్మరంగా ఉంటుందని ఎరిక్ ఎరిక్‌సన్ అనే సైకాలజిస్టు చెప్పాడు. ఆయన జీవితం కూడా అలాంటిదే. కన్నతండ్రి ఎవరో ఆయనకు తెలియదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగాడు, పెద్దయ్యాక అమెరికాలో స్థిరపడి ఎరిక్‌సన్ అన్న పేరు తనే పెట్టుకున్నాడు.

ఎరిక్‌సన్ ఆలోచన పట్టుకుని, 1966లో జేమ్స్ మార్షియా అనే సైకాలజిస్టు కాలేజీ కుర్రాళ్లతో మాట్లాడి చెప్పిన విషయం మీకు బాగా పనికొస్తుంది. ఆయన ప్రధానంగా రెండు సంగతులు చూశాడు: ఈ మనిషి తనంతట తాను నాలుగు దారులు ఆలోచించి చూశాడా, ఏదైనా ఒక దారికి కట్టుబడ్డాడా? కొందరు ఆలోచించి కట్టుబడతారు. కొందరు ఇంకా ఆలోచనలోనే ఉంటారు. కొందరికి ఆ ధ్యాసే ఉండదు. మరికొందరు ఆలోచన జోలికి పోకుండానే, పెద్దలు చేతిలో పెట్టినదానికి గట్టిగా కట్టుబడి ఉంటారు. బయటికి వీళ్లంత స్థిరంగా ఇంకెవరూ కనిపించరు. మంచి చదువు, మంచి ఉద్యోగం, ఏ గొడవా లేదు. ఇన్నాళ్లూ మీరున్నది అక్కడే. ఇప్పుడు అక్కడి నుంచి కదిలి ఆలోచించే దశలోకి వచ్చారు. ఈ దశలో టెన్షన్, అయోమయం, అకారణంగా ఏడుపు రావడం మామూలే. కాబట్టి ఆ రాత్రి ఏడుపు చూసి భయపడకండి. పాతది బిగుతైందని మీ మనసు చెప్పుకున్న మొదటి మాట అది.

ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండటం గురించి కూడా చాలా బాధపడ్డారు. అది నటన కాదు. మనల్ని ఎరిగినవాళ్లు ఎందరుంటే అన్ని ‘నేను’లు మనకు ఉంటాయని విలియం జేమ్స్ అనే సైకాలజిస్టు 1890లోనే అన్నాడు. పసిపిల్లతో మాట్లాడినట్టు మేనేజర్‌తో మాట్లాడం కదా. టీనేజ్ మధ్యలో పిల్లలను ఈ తేడాలు బాగా కలవరపెడతాయి, వయసు పెరిగేకొద్దీ వాటిని కలిపి చూసుకోవడం వస్తుంది. మీరు గమనించాల్సింది వేరే ఉంది. ఈ మూడు చోట్లలో ఎక్కడ ‘వద్దు’ అనగలుగుతున్నారు, ఎక్కడ అనలేకపోతున్నారు? ఎవరితో గంటసేపు కూర్చుని లేస్తే ఒళ్లు తేలికగా ఉంటుంది, ఎవరితో కూర్చుంటే దవడ బిగుసుకుపోతుంది? మీ గురించి మీకు కావాల్సిన సమాచారం ఇక్కడ దొరుకుతుంది. ఆన్‌లైన్ పర్సనాలిటీ టెస్టులకు ఇచ్చే సమయం దీనికివ్వండి.

ఇక ఉద్యోగం మానేసి వెళ్లిపోవడం. ఇప్పుడు వద్దు. ‘అసలైన నేను’ ఎక్కడో దాక్కుని ఉంటుందని, దూరం వెళితే కనబడుతుందని మీరు ఆశిస్తున్నారు. అలా దొరికినవాళ్లను నేను చూడలేదు. ఉన్నచోటే ఒక్కొక్కటి ఎంచుకుంటూ, దాని మంచిచెడ్డలు తామే భరిస్తూ తమను తాము తయారుచేసుకున్నవాళ్లను చూశాను. వెనక్కి తీసుకోగలిగే చిన్న విషయాలతో మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం ఏం చేయాలి, ఏ పుస్తకం చదవాలి, ఏ పిలుపుకు వెళ్లాలి, దేనికి మానాలి. ఎవరినైనా అడగాలనిపిస్తే అడగండి, కాకపోతే అంతకుముందే మీ జవాబు కాగితం మీద రాసుకోండి. తర్వాత వాళ్లు చెప్పింది బాగుంటే మార్చుకోవచ్చు, తప్పేం లేదు. మొదట మీ మాట ఒకటి నమోదు కావాలి, అంతే. ఎంచుకున్నది నచ్చకపోతే అది కూడా రాసుకోండి. నచ్చనివి తెలియడం కూడా లాభమే, పైగా చాలామందికి ముందు తెలిసేవి అవే. ఎవరిని చూస్తే అసూయ కలుగుతోందో కూడా దాచుకోకుండా రాసుకోండి. మీకు ఏం కావాలో అసూయ చాలాసార్లు సూటిగా చెబుతుంది.

ఇలా కొన్ని నెలలు గడిచాక ఉద్యోగం సంగతి మళ్లీ ఆలోచించండి. ఇదే ఉద్యోగం మీకు ఇష్టమని తేలినా ఆశ్చర్యపోకండి. నాన్న ఎంచిన చదువునే, అక్క చూపించిన పనినే, ఆలోచించి చూసి మీది చేసుకోవచ్చు. పెద్దలు ఇచ్చినవన్నీ పారేస్తేనే సొంత వ్యక్తిత్వం వచ్చినట్టు అనుకోకండి. వాళ్లు ఎడమంటే కుడి అనడం కూడా వాళ్లను చూసి నడవడమే. పరీక్షించి చూశాక కూడా ఇష్టం కలగకపోతే, అప్పుడు ఇంకో పని చూసుకుని, చేతిలో కొంత డబ్బు ఉంచుకుని మారండి.

అమ్మ అన్న మాట మిమ్మల్ని తొలిచేస్తోందని అర్థమవుతోంది. ఇరవై ఎనిమిదేళ్లుగా తెలిసిన పిల్ల హఠాత్తుగా కొత్తగా మాట్లాడితే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ‘ఇక నా అవసరం లేదేమో’ అన్న భయం ఆ మాటలో ఉంది. దానికి సంజాయిషీ ఇవ్వకండి, వాదించకండి. ‘అవునమ్మా, కొన్ని విషయాల్లో మారుతున్నాను. నీ మీద ప్రేమ మాత్రం మారలేదు’ అనండి. ఆ తర్వాత ‘వద్దు’ అన్నదాన్ని వెనక్కి తీసుకోకుండా, ఆవిడతో వేరే కబుర్లలో పడండి. రెండు మూడుసార్లు అలిగినా కంగారుపడి సరే అనేయకండి. మీ వద్దు, మీ ప్రేమ రెండూ ఒకేచోట ఉండగలవని ఆవిడకు నమ్మకం కుదరడానికి కొంత సమయం పడుతుంది. అక్కతో కూడా ఒకసారి ఈ విషయాలు మాట్లాడండి. అదే ఇంట్లో పెరిగిన మనిషి కాబట్టి, మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే అర్థం చేసుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. రెండు వారాలకు మించి ఏ పని మీదా మనసు పోకపోయినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే సైకియాట్రిస్టును గానీ, క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. అలాంటివేమీ లేకున్నా, ఎదురుగా కూర్చుని మాట్లాడాలనిపిస్తే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లొచ్చు. వెళ్లాలా వద్దా అనేది మాత్రం ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోండి.