ఎన్‌సీసీ జెండా మీద 17 తామరలు ఎందుకు?

ఆ 17 తామరలు దేశంలోని 17 ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) డైరెక్టరేట్లకు, అంటే దాని ప్రాంతీయ పాలనా విభాగాలకు గుర్తు, రాష్ట్రాలకు కాదు. ఒక్కో డైరెక్టరేట్ కింద ఒకటికి మించి రాష్ట్రాలు ఉండొచ్చు. మనదే చూడండి: రాష్ట్రం విడిపోయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలది ఒకే డైరెక్టరేట్. అంటే విశాఖ క్యాడెట్‌కీ వరంగల్ క్యాడెట్‌కీ ఒకే పువ్వు.

జెండా మధ్యలో బంగారు రంగు ఎన్‌సీసీ అక్షరాలు, చుట్టూ ఈ తామరల దండ, వెనక మూడు నిలువు పట్టీలు. ఎరుపు సైన్యానిది, ముదురు నీలం నౌకాదళానిది, లేత నీలం వైమానిక దళానిది. ఎరుపంటే త్యాగమని, నీలమంటే సముద్రమని చాలామంది చెబుతారు, ఎన్‌సీసీ సర్టిఫికెట్ పరీక్షలో అలా రాయకండి. ఇంకో అపోహ, తూర్పు నౌకాదళ కేంద్రమున్న విశాఖలో ఎక్కువ: తెల్ల యూనిఫాం వేసే నేవల్ వింగ్‌కు (ఎన్‌సీసీలో నౌకాదళ విభాగం) జెండా వేరని. మూడు వింగ్‌లకూ ఎన్‌సీసీ జెండా ఇదే.