పోషకాలు చక్రంలా తిరుగుతుంటే మళ్లీ ఎరువెందుకు? నా చేపల తొట్టి చెప్పిన జవాబు

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నత్రజని, భాస్వరం లాంటివి ప్రకృతిలో చక్రంలా తిరుగుతూనే ఉంటాయి కదా, నేలకు ప్రతి పంటకీ ఎరువు ఎందుకు వేయాలి? మూత బిగించిన గాజు సీసాలో మొక్క మాత్రం ఏ ఎరువూ లేకుండా ఏళ్ల తరబడి ఎలా బతుకుతోంది?

బడిలో ఆ చక్రాన్ని బాణాలతో బొమ్మగా గీసి నేనూ మార్కులు తెచ్చుకున్నాను. ఆ బొమ్మ ఏం దాచిపెడుతుందో తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, నా చేపలు చచ్చిపోయాక.

40 లీటర్ల కొత్త తొట్టి. నీళ్లు పోసిన రోజే నాలుగు చేపలు వదిలేశాను. నాలుగో రోజుకి అవి పైకి తేలి నోళ్లు తెరిచి గాలి మింగడం మొదలుపెట్టాయి. మురికి పట్టిందేమోనని నీళ్లన్నీ తోడేసి, ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి శుభ్రంగా పిండి ఉతికాను. వారం తిరక్కుండా నాలుగూ పోయాయి. విడ్డూరం ఏమిటంటే, చివరి రోజు వరకూ నీళ్లు అద్దంలాగే ఉన్నాయి.

జరిగింది ఇదీ. చేప తిన్న మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా బయటికి వస్తుంది. అది చేపకే విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. ఇదీ విషమే, నెత్తుట్లో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. నైట్రోస్పైరా అనే ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి దాన్ని నైట్రేట్‌గా మారిస్తే గానీ చేపకి ఊపిరాడదు. ఈ రెండు రకాలూ నీళ్లలో తేలుతూ ఉండేది తక్కువ. స్పాంజికి, గులకరాళ్లకి అంటుకుని జిగురులా పెరుగుతాయి. కొత్త తొట్టిలో అవి లేనే లేవు. అప్పుడప్పుడే చేరుతున్న కాసిన్ని బ్యాక్టీరియానీ నేను క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లతో కడిగిపారేశాను. నేను మురికి అనుకున్న ఆ గోధుమరంగు జిగురే తొట్టికి పంచప్రాణాలు.

రెండోసారి బుద్ధి తెచ్చుకున్నాను. చేపలు లేకుండా రోజూ కొన్ని చుక్కల అమ్మోనియా వేస్తూ, టెస్ట్ కిట్‌తో రంగులు చూస్తూ కూర్చున్నాను. నా కిట్‌లో అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ, నైట్రైట్ ఉంటే ఊదా, నైట్రేట్ ఉంటే ఎరుపు. మొదటి రెండు వారాలు ఒట్టి ఆకుపచ్చే. ఆ తర్వాత ఆకుపచ్చ పలచబడి ఊదా ఎక్కింది. ఎక్కింది ఎక్కినట్టే మూడు వారాలు ఉండిపోయింది, కిట్ పాడైందేమో అనుకున్నాను. ఆరో వారంలో ఒక పొద్దున చూస్తే ఊదా మాయం. నిన్న అంత ముదురుగా ఉన్నది ఇవాళ లేదు. నైట్రేట్ గొట్టం మాత్రం ఎర్రగా మెరుస్తోంది.

పుస్తకంలో బాణాలన్నీ ఒకే లావుగా గీస్తారు. ఒక్కో బాణం వెనక ఒక్కో జీవి ఉందనీ, దాని వేగం దానిదేననీ, అది లేకపోతే ఆ బాణమే ఉండదనీ నాకు ఆ ఊదా రంగు చెప్పింది.

ఇక మీ మొదటి ప్రశ్న. చేపలు మళ్లీ వచ్చాయి, బతికాయి కూడా. కానీ నైట్రేట్ వారం వారం పెరుగుతూనే పోయింది. దాన్ని తినడానికి తొట్టిలో మొక్కల్లేవు. నైట్రేట్‌ని తిరిగి నత్రజని వాయువుగా మార్చి గాల్లోకి పంపే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేని చోటే ఆ పని చేస్తాయి, నా పలచని గులకరాళ్ల పొరలో అలాంటి చోటు లేదు. కాబట్టి వారానికోసారి పావు వంతు నీళ్లు తీసేసి కొత్తవి పోయాల్సిందే. అంటే నా తొట్టిలో ఉన్నది చక్రమే కాదు. మేత రూపంలో నత్రజని ఒక వైపు నుంచి వస్తుంది, బకెట్‌లో ఇంకో వైపు నుంచి పోతుంది. ఆ బకెట్ నీళ్లు కుండీల్లో పోస్తే ఆకులు ముదురు పచ్చగా తిరిగాయి, అది వేరే సంగతి.

పొలంలో ఇదే కథ తలకిందులుగా నడుస్తుంది. గింజలో నత్రజని, భాస్వరం ఉంటాయి. కోతతో పాటు అవి పొలం దాటిపోతాయి. ఆ గింజ తిన్నవాళ్లు ఎక్కడో ఉంటారు, వాళ్ల విసర్జన మురుగు కాలవల గుండా నదికి, సముద్రానికి చేరుతుంది. తిరిగి అదే మట్టికి వచ్చేది అంతంతమాత్రం. అడవిలో రాలిన ఆకు చెట్టు కిందే కుళ్లుతుంది, ఆ పోషకాలు వాన నీటితో జారిపోయేలోపే వేళ్లు పట్టేసుకుంటాయి. ఆ పట్టు ఎంత గట్టిదో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో హబ్బర్డ్ బ్రూక్ అడవిలో తేలింది. 1965 చలికాలంలో అక్కడ ఒక చిన్న లోయలోని చెట్లన్నీ నరికి అక్కడే పడేశారు, ఒక్క దుంగ కూడా బయటికి తీసుకెళ్లలేదు. కొత్త మొక్క మొలవకుండా కలుపు మందు కొట్టారు. ఆ తర్వాత వాగు నీటిలో నైట్రేట్ 40 రెట్లకు పైగా పెరిగింది. సరుకంతా అక్కడే ఉంది, పట్టుకునే వేళ్లే లేవు.

గాల్లో 78 శాతం నత్రజనే కదా, మొక్క దాన్నే తీసుకోవచ్చుగా అని మీకు అనిపించి ఉంటుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ నత్రజని మొక్కకి అందదు. రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. వాటిని విడదీసేది పిడుగు, కొన్ని బ్యాక్టీరియా, 1913 నుంచి ఎరువుల ఫ్యాక్టరీలు. ఫ్యాక్టరీకి 400 డిగ్రీలకు పైగా వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లు మించిన ఒత్తిడి కావాలి. చిక్కుడు జాతి మొక్క వేరు బుడిపెలోని రైజోబియం అనే బ్యాక్టీరియా మట్టి చల్లదనంలోనే ఆ పని కానిస్తుంది. మొక్కని పీకినప్పుడు ఒక బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబి రంగు ఉంటే పని జరుగుతోందని అర్థం. మన నెత్తుటి హిమోగ్లోబిన్‌కి చుట్టం లాంటి పదార్థం అది, నత్రజనిని విడదీసే బ్యాక్టీరియా ఎంజైమ్ పాడవకుండా ఆక్సిజన్‌ని అదుపులో పెడుతుంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె పని చేయట్లేదన్నమాట.

కుండీల దగ్గర నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాను. కుళ్లి ఎరువవుతుంది కదా అని మట్టిలో రంపపు పొట్టు దండిగా కలిపాను. నెల తిరక్కుండా మొక్కలు పసుపు పచ్చబడ్డాయి. పొట్టులో కర్బనం విపరీతం, నత్రజని నామమాత్రం. దాన్ని తినే సూక్ష్మజీవులు ఒళ్లు పెంచుకోవడానికి మట్టిలోని నత్రజనిని లాగేసుకున్నాయి. అవి చచ్చాక తిరిగిస్తాయి, కానీ అప్పటిదాకా మొక్క పస్తు.

నత్రజనికి గాలి దారైనా ఉంది. భాస్వరానికి చెప్పుకోదగ్గ గాలి దారి లేదు. రాయి అరిగితే వస్తుంది, నీటితో కొట్టుకుపోతే సముద్రం అడుగున పడుతుంది, ఆ అడుగు మళ్లీ కొండగా లేచేసరికి కోట్ల ఏళ్లు. వాయువుగా రాలేకపోయినా దుమ్ముగా మాత్రం కొంత ప్రయాణిస్తుంది. చాద్ దేశంలో ఎండిపోయిన సరస్సు అడుగైన బొడేలే పల్లం ఉంది. అలాంటి చోట్ల లేచిన సహారా దుమ్ము అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవి మీద పడుతుంది. ఉపగ్రహాల కొలతల ప్రకారం ఆ దుమ్ముతో ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం చేరుతుంది, వానలకి ఆ అడవి పోగొట్టుకునేది కూడా దాదాపు అంతేనని అంచనా.

చాలని చోట కాస్త పడినా భాస్వరం ఎంత పని చేస్తుందో 1973లో కెనడాలో ఒక సరస్సు మీద చూశారు. 226 అని నంబరు పెట్టిన ఆ సరస్సు నడుము దగ్గర సన్నగా ఉంటుంది. అక్కడ తెర కట్టి, ఒక సగంలో కర్బనం, నత్రజని వేశారు, రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన సగం నాచుతో చిక్కటి ఆకుపచ్చగా మారింది, రెండోది మామూలుగానే ఉండిపోయింది. పొలం మీద వేసిన ఎరువు వానకి చెరువులోకి జారితే నీళ్లు పచ్చబడేది ఇందుకే.

ఇక మీ సీసా మొక్క. దాన్నుంచి ఎవరూ పంట కోసుకోరు. రాలిన ఆకు అక్కడే కుళ్లుతుంది, వెలుతురు మాత్రం బయటి నుంచి వస్తుంది. ఎదుగుదల కూడా నిదానమే కాబట్టి సరిపోతుంది. సీసాని పెద్దది చేస్తే తిప్పలు మొదలవుతాయి. 1991లో అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే గాజు భవనంలో ఎనిమిది మంది మనుషుల్ని, మూడెకరాలకు పైగా అడవినీ పొలాన్నీ పెట్టి మూసేశారు. 16 నెలల్లో ఆక్సిజన్ దాదాపు 21 శాతం నుంచి 14 శాతం దరిదాపులకి పడిపోయింది, బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. సారవంతంగా ఉండాలని మట్టిలో దండిగా కలిపిన కుళ్లు పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేస్తూ ఆక్సిజన్ వాడేశాయి. అంత ఆక్సిజన్ పోయినప్పుడు గాల్లో అంతే కార్బన్ డయాక్సైడ్ పెరగాలి. అంత పెరగలేదు. లెక్క ఎక్కడ తప్పిందా అని వెతికితే, ఆ కర్బనం భవనం కాంక్రీటులో సున్నపురాయిగా మారి కూర్చుని ఉంది.